బుజ్జా, వార్ రిగ్గా, ల్యాండ్‌మాస్టరా? ప్రళయం తర్వాతి సినిమా బండిని స్కేల్ మోడల్‌గా సొంతంగా కట్టేవాళ్లకి ఎంపిక సలహా

స్క్రాచ్ బిల్డ్, అంటే తయారుగా వచ్చే ముక్కల కిట్ లేకుండా మోడల్‌ని సొంతంగా కట్టడం, మొదలుపెట్టేవాళ్లలో చాలామంది ముందు ప్లాస్టిక్ షీటు కొంటారు, ఆ తర్వాత ఏ బండి కట్టాలో ఆలోచిస్తారు, చక్రాల సంగతి చివర్లో చూసుకోవచ్చులే అనుకుంటారు. సగంలో ఆగిపోయే మోడళ్లు ఎక్కువగా ఆగేది ఆ చక్రాల దగ్గరే. బాడీని ఏ కొలతకైనా కోసుకోవచ్చు, పొరపాటు జరిగితే పుట్టీ పెట్టి సరిచేసుకోవచ్చు. ఒకే సైజులో, ఒకే గుండ్రంతో నాలుగో పన్నెండో చక్రాలు చేత్తో చెక్కడం మాత్రం అయ్యే పని కాదు. అందుకని వరస ఇలా ఉండాలి: బండి, దాని చక్రం, ఆ చక్రం ఒప్పుకునే స్కేలు, ఆ స్కేలుకి తగ్గ షీటు. కింద చెప్పేదంతా ఇదే వరసలో వెళ్తుంది.

ఏ బండి?

నాలుగు బండ్లు తీసుకుందాం. నాలుగూ కష్టంలో నాలుగు రకాలు.

ల్యాండ్‌మాస్టర్ 1977లో వచ్చిన "డామ్నేషన్ ఆలీ" సినిమా కోసం డీన్ జెఫ్రీస్ కట్టిన బండి. సెట్ కోసం పెట్టిన డొల్ల కాదు, నిజంగా నడిచిన వాహనం. ఒళ్లంతా బల్లపరుపు ఉక్కు పలకలు. నడుం దగ్గర రెండు ముక్కలుగా ఉండి, అక్కడ వంగుతూ మలుపు తిరుగుతుంది. చక్రాలు పన్నెండు. మూడేసి చక్రాలు ఒక గుత్తిగా, నాలుగు మూలల్లో నాలుగు గుత్తులు. మామూలు నేల మీద గుత్తిలో రెండు చక్రాలే ఆనతాయి, మూడోది గాల్లో ఉంటుంది. అడ్డం వస్తే గుత్తి మొత్తం తిరిగి దాన్ని ఎక్కుతుంది. వంపులున్న పలక దాదాపు లేదు కాబట్టి పూర్తిగా షీటుతో కట్టే మొదటి మోడల్‌కి ఇంతకన్నా మంచిది దొరకదు. ఉన్న కష్టమంతా ఆ పన్నెండు చక్రాల్లోనే ఉంది.

వార్ రిగ్ 2015లో వచ్చిన "మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్"లోది. చెక్ కంపెనీ టాట్రా లారీకి షెవ్రొలే ఫ్లీట్‌మాస్టర్ కారు బాడీని అతికించి, రెండు వీ8 ఇంజన్లు పెట్టి, వెనక ట్యాంకర్ తగిలించారు. ఆ సినిమా కళా దర్శకత్వానికి కాలిన్ గిబ్సన్, లీసా థాంప్సన్ ఆస్కార్ అందుకున్నారు. ఆ బండిని దగ్గరగా చూస్తే ఆ అవార్డు ఎందుకొచ్చిందో తెలుస్తుంది. ప్రతి ముక్కా వేరే బండి నుంచి ఊడబీకి తెచ్చినట్టే ఉంటుంది. మోడల్ కట్టేవాడికి ఇదే వరం: పాత కిట్లలో మిగిలిన ముక్కలు, పెన్ను గొట్టాలు, పాడైపోయిన గడియారం పళ్లచక్రాలు అన్నీ ఇక్కడ చెల్లుతాయి. రెండు మి.మీ. తేడా వచ్చినా ఎవరి కంటా పడదు. చిక్కల్లా పొడవుతోనే. ట్యాంకర్‌తో కలిపి 1/24లో, అంటే అసలు బండికి ఇరవై నాలుగో వంతు కొలతలో, కడితే బల్ల మీద దాదాపు మీటరు జాగా కావాలి. పైగా చక్రాలు చాలా.

ఇంటర్‌సెప్టర్ ఫోర్డ్ ఫాల్కన్ ఎక్స్‌బీ జీటీ కూపే, 1973 మోడల్. 1979 నాటి "మ్యాడ్ మ్యాక్స్" సినిమాలో మెరిసే నల్ల పోలీసు కారు. 1981 నాటి "మ్యాడ్ మ్యాక్స్ 2"కి వచ్చేసరికి వెనక పెద్ద ఇంధన ట్యాంకులు మోసే దుమ్ముకొట్టుకుపోయిన బండి. దీనికి జపాన్ కంపెనీ అయోషిమా 1/24 కిట్ ఉంది. కాబట్టి 1/24లో దీని బాడీని షీటుతో కట్టడం వృథా శ్రమ అని మా గట్టి అభిప్రాయం. కారు బాడీలో ప్రతి పలకా రెండు దిక్కులా వంగుతుంది, ఎడమ కుడి అద్దంలో బొమ్మలా ఒకేలా రావాలి, పైగా ఈ కారు ఆకారం అభిమానుల కళ్లలో నాటుకుపోయింది. బాడీ కిట్ నుంచి తీసుకుని ట్యాంకులు, వాటిని పట్టే బ్రాకెట్లు, బానెట్ మీద సూపర్‌ఛార్జర్, లోపలి ఖాళీ డబ్బాలు, సంచులు సొంతంగా కట్టండి. సగం స్క్రాచ్ బిల్డ్ ఇది. షీటు పని అలవాటు కావడానికి మంచి మెట్టు.

ఇక బుజ్జి. 2024 నాటి "కల్కి 2898 ఏడీ" కోసం మహీంద్రా రీసెర్చ్ వ్యాలీ, కోయంబత్తూరుకి చెందిన జయెమ్ ఆటోమోటివ్స్ కలిసి నిజంగా నడిచేలా చేసిన ఆరు టన్నుల మూడు చక్రాల బండి. ముందు రెండు భారీ చక్రాలు, వెనక గోళంలాంటి చక్రం. తెలుగువాళ్లకి దీని మీద మమకారం ఉండటం సహజం. అంతకంటే పనికొచ్చే కారణం ఇంకోటి ఉంది: అసలు బండి కొలతలు బహిరంగంగా ప్రకటించారు. పొడవు 6075 మి.మీ., వెడల్పు 3380, ఎత్తు 2186, ముందు రిమ్ము 34.5 అంగుళాలు. సినిమా బండ్లలో చాలావాటికి ఇలాంటి లెక్క దొరకదు, ఫొటో చూసి అంచనా వేసుకోవాల్సిందే. కాకపోతే ఇది ఏ మామూలు కారు నుంచీ పుట్టింది కాదు. ఏ కిట్ నుంచీ బాడీ అరువు తెచ్చుకోలేం.

తేల్చి చెప్పాలంటే, షీటు ఎప్పుడూ కోయనివాళ్లు ఇంటర్‌సెప్టర్ ట్యాంకులతో మొదలుపెట్టండి. ఒకటి రెండు కిట్లు కట్టి, పూర్తిగా సొంతంగా ఒకటి చేయాలనుకునేవాళ్లకి ల్యాండ్‌మాస్టర్. పాత ముక్కల డబ్బా నిండుగా ఉన్నవాళ్లకి వార్ రిగ్. డ్రాయింగ్ గీసుకోవడం వచ్చి, ఓపిక కూడా ఉంటే బుజ్జి. మిగతా మూడింటి కంటే బుజ్జి గురించే కింద ఎక్కువ చెప్పాం. కొలతలు చేతిలో ఉన్న బండి కాబట్టి లెక్క వేసి చూపించడం కుదురుతుంది.

చక్రం స్కేలుని ఎలా తేలుస్తుంది

బుజ్జి కొలతల్ని నాలుగు స్కేళ్లలో వేసి చూడండి.

1/12: పొడవు 506 మి.మీ., వెడల్పు 282, ఎత్తు 182, రిమ్ము 73
1/18: పొడవు 338, వెడల్పు 188, ఎత్తు 121, రిమ్ము 48.7
1/24: పొడవు 253, వెడల్పు 141, ఎత్తు 91, రిమ్ము 36.5
1/35: పొడవు 174, వెడల్పు 97, ఎత్తు 62, రిమ్ము 25

కార్ల మోడళ్లకి అలవాటైన స్కేలు కాబట్టి అందరి చేయీ 1/24 వైపు వెళ్తుంది. ఇప్పుడు ప్లంబింగ్ సామాన్ల షాపుకి వెళ్లి చూడండి. మన దగ్గర దొరికే పీవీసీ పైపుల బయటి వ్యాసాలు 32, 40, 50, 63, 75, 90, 110 మి.మీ. వీటిలో 36.5కి దగ్గరిది ఏదీ లేదు. 40 పెడితే రిమ్ము దాదాపు పదోవంతు పెద్దదైపోతుంది, బండి బొమ్మలా కనబడుతుంది. 1/18 కొలత 48.7 మాత్రం 50 పైపుకి ఆనుకునే ఉంది. 1/12 కొలత 73 కూడా 75కి దగ్గరే.

ఇంకో మాట. రిమ్ముకి అంగుళాల్లో చెప్పే సైజు టైరు కూర్చునే చోటి వ్యాసం. బయటికి కనబడే అంచు దానికంటే పెద్దది. మామూలు కారు రిముల్లో ఆ అంచు చుట్టూరా 17 మి.మీ. దాకా లేస్తుంది. అదే లెక్క ఇక్కడా వేసుకుంటే 34.5 అంగుళాలు, అంటే 876 మి.మీ. కాస్తా 910 అవుతుంది, 1/18లో 50.6. అంటే 50 పైపు వాడితే తేడా ఒక మి.మీ. కూడా ఉండదు. బుజ్జికి మా ఓటు 1/18కే. అరమీటరు బండి పెట్టుకునే చోటు ఉంటే 1/12.

పైపు ముక్క నిటారుగా కోయడం దగ్గర చాలామంది తడబడతారు. ఒక కాగితం పట్టీని పైపు చుట్టూ రెండు చుట్లు గట్టిగా చుట్టండి. రెండో చుట్టు అంచు మొదటి చుట్టు అంచుతో సరిగ్గా కలిస్తే ఆ గీత నిటారుగా ఉన్నట్టే. గీత మీద ఒకేసారి లోతుగా కోయకుండా, పైపుని తిప్పుతూ హ్యాక్సా బ్లేడుతో చుట్టూ అర మి.మీ. గాడి పెట్టి, ఆ తర్వాత తెంచండి. కావలసిన వెడల్పు కంటే ఒక మి.మీ. ఎక్కువ ఉంచి, అద్దం పలక మీద అతికించిన 220 నంబరు ఎమిరీ పేపరు మీద ఎనిమిది అంకె ఆకారంలో రుద్దితే రెండు అంచులూ సమమవుతాయి. టైరుకి 63 పైపు వాడొచ్చు. కాకపోతే పైపు గోడ మందం అది తట్టుకునే ప్రెషర్‌ని బట్టి మారుతుంది, కాబట్టి కోసిన 50 ముక్కని జేబులో వేసుకుని షాపులోనే లోపల పెట్టి చూసుకోండి. మిగిలిన సందుని ప్లాస్టిక్ పట్టీలతో నింపాలి. టైరు అసలు మందం ఎంతో పక్క నుంచి తీసిన ఫొటోలో రిమ్ముతో పోల్చి కొలవండి. ఫొటోలో రిమ్ము అడ్డం కొలత, నిలువు కొలత సమానంగా లేకపోతే ఆ ఫొటో వాలుగా తీసింది. దాన్నుంచి అడ్డం కొలతలు తీసుకోకండి.

వెనక గోళానికి మూడు దారులున్నాయి. టేబుల్ టెన్నిస్ బంతి 40 మి.మీ. అంటే 1/18లో 720 మి.మీ., 1/24లో 960 మి.మీ. గోళం అన్నమాట. రెండు చిప్పలుగా విడిపోయే పారదర్శక అలంకరణ బంతులు 50, 60, 80 మి.మీ. సైజుల్లో దొరుకుతాయి. మూడోది, చెక్క బంతి. ముందు ఫొటోలో గోళం వ్యాసం ముందు రిమ్ముకి ఎన్నో వంతో కొలిచి, ఆ లెక్కకి దగ్గరగా ఉన్నది తీసుకోండి. కుదిరితే రెండు చిప్పల బంతే మేలు. లోపల ఇరుసు పెట్టుకోవడం తేలిక, మధ్య అతుకు మీదే టైరు గాడి వేసుకోవచ్చు. టేబుల్ టెన్నిస్ బంతి అయితే కొత్తరకం ప్లాస్టిక్‌దే కొనండి. పాతరకం సెల్యులాయిడ్ ఇట్టే అంటుకుంటుంది, కొన్ని జిగుర్లకి కరిగిపోతుంది కూడా. బంతి గోడ పల్చన కాబట్టి పట్టుకుంటే సొట్టపడుతుంది, లోపల ఏదో ఒకటి నింపాలి. ఎపాక్సీ ఒకేసారి నింపితే గట్టిపడే వేడికి బంతి వంగిపోతుంది. మూడు విడతలుగా, ఒకటి చల్లారాక ఇంకోటి పోయండి.

ల్యాండ్‌మాస్టర్‌కి లెక్క వేరు. పన్నెండు చక్రాలూ ఒకటే కాబట్టి ఒకటి శ్రద్ధగా చేసి, సిలికాన్ అచ్చు తీసి, రెజిన్ (పోశాక గట్టిపడే ద్రవ ప్లాస్టిక్) పోత పోయడమే దారి. 35 మి.మీ. వ్యాసం, 14 మి.మీ. మందం ఉన్న చక్రానికి 50×50×25 మి.మీ. పెట్టె చాలు, సిలికాన్ 60 గ్రాముల లోపే పడుతుంది. ఒక్కో చక్రానికి రెజిన్ 13, 14 మి.లీ. పన్నెండింటికి, పాడయ్యేవి కూడా కలుపుకుని, 220 గ్రాములు దగ్గర పెట్టుకోండి. సిలికాన్ని మొదట బ్రష్షుతో పల్చగా పూసి, మిగతాది పెట్టె ఒక మూలలోంచి సన్నటి ధారగా పోయండి. బుడగలు చాలావరకు అక్కడే పగిలిపోతాయి. మాస్టర్ చక్రాన్ని, అంటే అచ్చు తీసే ఆ మొదటి చక్రాన్ని, గంధకం ఉన్న బంకమట్టితో కానీ, అప్పుడే తీసిన త్రీడీ రెజిన్ ప్రింటుతో కానీ చేస్తే ప్లాటినం రకం సిలికాన్ గట్టిపడదు, జిగటగా మిగిలిపోతుంది. అలాంటప్పుడు చుక్కల మందు కలిపే టిన్ రకం వాడండి. గట్టిపడటం ఆలస్యమవుతోందని మందు ఎక్కువ వేస్తే అచ్చు త్వరగా పెళుసెక్కి నాలుగో పోతకే చిరుగుతుంది.

వార్ రిగ్ అయితే చక్రాలు చేయొద్దు, కొనండి. 1/24 లారీ కిట్ల చక్రాలు విడిగా దొరికితే సరే. దొరక్కపోతే చవకలో వచ్చే బొమ్మ లారీలు రెండు కొని, వాటి చక్రం ఏ స్కేలుకి సరిపోతుందో ఆ స్కేలులోనే బండి మొత్తం కట్టండి. బండి 1/26లో వచ్చిందని ఎవరూ వచ్చి కొలవరు. చక్రానికీ క్యాబిన్‌కీ మధ్య నిష్పత్తి తప్పితే మాత్రం గదికి అవతల నుంచే తెలిసిపోతుంది.

బాడీకి ఏ షీటు?

స్టైరీన్, అంటే షాపుల్లో హిప్స్ అని అడిగే ప్లాస్టిక్ షీటు, ఈ పనిలో రాజు. కటర్‌తో రెండు మూడు సార్లు తేలిగ్గా గీసి వంచితే గీత మీద తెగుతుంది. సాల్వెంట్ జిగురుతో అతికితే రెండు ముక్కలూ కరిగి ఒకటైపోతాయి. బుజ్జిని 1/18లో కట్టడానికి ఏ4 సైజులో 1 మి.మీ. షీట్లు 6, అర మి.మీ. షీట్లు 3, అస్థిపంజరానికి 1.5 మి.మీ. షీట్లు 2 సరిపోతాయి. మధ్యలో నిలువుగా ఒక పలక, దానికి అడ్డంగా 25, 30 మి.మీ.కి ఒకటి చొప్పున అడ్డపలకలు నిలబెట్టి, మూలమట్టంతో ఒక్కోటి సరిచూసుకుని, పైన అర మి.మీ. షీటుని పట్టీలుగా కప్పండి. ఒక దిక్కుకే వంగే చోట షీటు తనే వంగుతుంది. రెండు దిక్కులా వంగే చోట 8, 10 మి.మీ. వెడల్పు పట్టీలు పక్కపక్కన పేర్చి, పుట్టీ నింపి రుద్దాలి. అక్కడ షీటుని బలవంతంగా లాగి అతికిస్తే నాలుగు రోజులకి అంచు లేస్తుంది.

సన్‌బోర్డు చవక, తేలిక, ఏ స్టేషనరీ షాపులోనైనా దొరుకుతుంది. 3 మి.మీ., 5 మి.మీ. మందాల్లో వస్తుంది. 1/12 బండికి అస్థిపంజరంగా బాగుంటుంది, స్టైరీన్ ఖర్చు తగ్గిస్తుంది. పైకి కనబడే పలకగా మాత్రం వద్దు. కోసిన అంచులో స్పాంజిలా కన్నాలుంటాయి. పుట్టీ, ప్రైమర్ మూడు నాలుగు సార్లు వేసి రుద్దితే కానీ మూసుకోవు, ఆ శ్రమకి బదులు స్టైరీన్ కొనడమే నయం. కొనేటప్పుడు గిల్లి చూడండి. పీవీసీ ఫోమ్ అయితే సరే. పైన కాగితం, లోపల తెల్ల ఫోమ్ ఉన్న రకానికి స్ప్రే పెయింటు తగిలితే లోపలిది కరిగి గుల్లవుతుంది. థర్మోకోల్‌కీ అదే గతి.

అట్ట గురించి రెండే మాటలు. నమూనా కట్టి ఆకారం చూసుకోవడానికి 300 జీఎస్ఎం అట్టకి మించినది లేదు. అసలు మోడల్‌కి వద్దు, విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్ల తేమకి ఒక్క వానాకాలంలోనే మెలికలు తిరుగుతుంది.

త్రీడీ ప్రింటు గురించి అందరూ అడుగుతారు. తీగ కరిగించి పోసే రకంలో ఎక్కువగా వాడే మిషన్ల బల్ల 220×220 మి.మీ. బుజ్జి 1/35లో 174 మి.మీ. కాబట్టి ఒకే ముక్కగా వస్తుంది. 1/24కి, 1/18కి రెండేసి ముక్కలు చేయాలి. పొరల గీతలు పోవడానికి ప్రైమర్ వేయడం, రుద్దడం, మళ్లీ వేయడం తప్పదు. వంపులున్న పెద్ద పలకల మీద ఈ రుద్దుడు షీటు పని కంటే తక్కువేమీ కాదు. చిన్న వివరాలకి, అంటే స్విచ్చులు, గొట్టాల బిగింపులు, లైట్ల చట్రాలకి రెజిన్ ప్రింటు అద్భుతంగా ఉంటుంది. ఒళ్లు షీటుతో, నగలు ప్రింటుతో అన్నది మా సలహా. రెజిన్ ముక్కని డొల్లగా ప్రింటు చేస్తే రెండు కన్నాలు పెట్టి, లోపలి పచ్చి రెజిన్ కడిగి, లోపల కూడా యూవీ (అతినీలలోహిత) కాంతి చూపించాలి. లోపల పచ్చిగా మిగిలితే రంగులన్నీ అయ్యాక ఒక రోజు ముక్క పగిలి జిగురు కారుతుంది.

ఏ షీటు వాడినా మందం మీద కన్నుండాలి. 1/24లో అర మి.మీ. షీటు అంటే అసలు బండిలో 12 మి.మీ. ఉక్కు పలక. ల్యాండ్‌మాస్టర్ కవచానికి బాగానే ఉంటుంది. వార్ రిగ్ మీద చిరిగి, సొట్టలు పడి వేలాడే మడ్‌గార్డుకి ఇది మరీ లావు. అలాంటి చోట కూల్‌డ్రింక్ టిన్నులోంచి కోసిన అల్యూమినియం వాడండి, దాని మందం 0.1 మి.మీ. ఉంటుంది. గోరుతో నొక్కినా నిజం సొట్టలాగే పడుతుంది. ముందు 400 నంబరు ఎమిరీతో రెండు వైపులా గీరకపోతే రంగు పొరలా ఊడొస్తుంది. బోల్టులకి కూడా ఇదే లెక్క. 17 మి.మీ. స్పానర్ పట్టే బోల్టు తల 1/24లో 0.7 మి.మీ., 1/18లో 0.9. రెండు మి.మీ. పూసలు అతికించి బోల్టులంటే బండి పిల్లల బొమ్మయిపోతుంది.

జిగురు, మూసిన డబ్బా

స్టైరీన్‌కి పల్చటి సాల్వెంట్ జిగురు, లోహానికీ రెజిన్‌కీ ఫెవిక్విక్ రకం, పెద్ద సందులకి ఎంసీల్. పల్చటి జిగురుని ముక్కల మీద పూయకండి. రెండు ముక్కల్నీ ముందే కలిపి పట్టుకుని బ్రష్షు కొనని అతుకుకి తాకిస్తే అదే లోపలికి పాకుతుంది. ఫెవిక్విక్ మీద వంటసోడా చల్లితే క్షణంలో రాయవుతుంది, సందులు నింపడానికి చాలామంది వాడతారు. అది చుట్టూ ఉన్న స్టైరీన్ కంటే గట్టిది. రుద్దేటప్పుడు ప్లాస్టిక్ అరిగి అది మిట్టగా మిగులుతుంది. కనబడే పలకల మీద వద్దు, లోపలి అతుకులకి వాడుకోండి.

అన్నింటికంటే ఎక్కువ మోడళ్లని చెడగొట్టేది మూసిన డబ్బా. ఇంధన ట్యాంకు, బుజ్జి పక్క పెట్టెలు, ల్యాండ్‌మాస్టర్ ముక్కు, ఇలా అన్ని వైపులా మూసేసిన పెట్టెలో సాల్వెంట్ ఆవిరి బయటికి పోయే దారి ఉండదు. లోపలే తిరుగుతూ ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది. అతికిన రోజు పలక నిటారుగానే ఉంటుంది. రంగు వేసి అల్మరాలో పెట్టిన కొన్ని వారాలకి మధ్యలో గుంట పడుతుంది, అడ్డపలకలు పక్కటెముకల్లా పైకి తేలతాయి. అప్పుడు చేయగలిగింది ఏమీ లేదు. అందుకే ప్రతి గదికీ కిందవైపు 2, 3 మి.మీ. కన్నం ఒకటి పెట్టండి. అడ్డపలకలకి కూడా మధ్యలో కన్నాలు కొడితే గాలి అన్ని గదుల్లోంచీ తిరుగుతుంది. జిగురు తక్కువ వాడండి. పెట్టె మూశాక పుట్టీ పెట్టడానికి ముందు కనీసం రెండు రోజులు వదిలేయండి.

అద్దం

చదును కిటికీలకి ఓహెచ్‌పీ షీటు చాలు. బుజ్జి కాక్‌పిట్ మూతలాంటి వంపు అద్దానికి రెండు దారులు. ఒకటి, అర మి.మీ. పెట్‌జీ (వేడికి మెత్తబడే పారదర్శక ప్లాస్టిక్) షీటుని చెక్క చట్రానికి బిగించి, వేడిచేసి, అచ్చు మీదకి ఒకే ఊపులో దింపడం. రెండోది, రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్‌ని కోసి అచ్చు మీద తొడిగి, హాట్ గన్‌తో చుట్టూ వేడి చూపించడం. బాటిల్ ముడుచుకుని అచ్చుకి అతుక్కుంటుంది. 1/24కి, అంతకంటే చిన్నవాటికి బాటిల్ పద్ధతి చాలు, ఖర్చు లేదు, పాడైతే ఇంకో బాటిల్. 1/18కి పెట్‌జీ మేలు, బాటిల్ గోడ ఒక్కోచోట ఒక్కో మందంగా ఉండి అంత పెద్ద అద్దంలో వంకరలు కనబడతాయి. అచ్చుని షీటు మందం మేరకి, అంటే చుట్టూ అర మి.మీ. చిన్నదిగా చెక్కాలి. లేకపోతే తయారైన అద్దం చట్రంలో పట్టదు. అచ్చు మీద ఉన్న ప్రతి గీతా అద్దంలోకి దిగుతుంది కాబట్టి 1000 నంబరు దాకా రుద్దండి.

అద్దం దగ్గరికి ఫెవిక్విక్ రానివ్వకండి. దాని ఆవిరికి అద్దం లోపలివైపు తెల్లగా మసకబారుతుంది, మూత అతికాక తుడవడానికి చేయి పట్టదు. తెల్ల ఫెవికాల్‌తోనే అతికించండి, ఎండితే పారదర్శకం అవుతుంది.

రంగు, తుప్పు, దుమ్ము

కార్ల గ్రే ప్రైమర్ స్ప్రే పనికొస్తుంది. పచ్చి స్టైరీన్ మీద మొదటి పూతని తడిగా వేస్తే మాత్రం ప్లాస్టిక్ చిట్లినట్టు గీతలు పడుతుంది. అడుగు దూరం నుంచి పొగమంచులా రెండు తేలికపూతలు వేసి, ఆరాక మామూలు పూత వేయండి. వానాకాలంలో లాకర్ స్ప్రే తెల్లబారుతుంది, గాల్లో తేమ పూత మీద పేరుకోవడం వల్ల. తేమ తక్కువుండే మధ్యాహ్నం పూట వేయండి, పొద్దున్నే వద్దు. మే నెల విజయవాడలో సంగతి తిరగబడుతుంది. మధ్యాహ్నం వేడికి రంగు గాల్లోనే ఆరిపోయి, బండి ఒళ్లు ఎమిరీ పేపరులా గరుగ్గా తయారవుతుంది. అక్కడ సాయంత్రం మేలు.

రంగు ఊడి తుప్పు కనబడటానికి హెయిర్‌స్ప్రే పద్ధతి, ఉప్పు పద్ధతి అని రెండున్నాయి. మొదటిది మా ఎంపిక. అడుగున తుప్పు రంగు, దాని మీద క్లియర్ లాకర్, అది పూర్తిగా ఆరాక రెండు పూతలు హెయిర్‌స్ప్రే, ఆ పైన అక్రిలిక్ రంగు. రంగు ఆరిన గంటలోపు గోరువెచ్చని నీళ్లతో తడిపి, గట్టి బ్రష్షుతో అంచుల దగ్గర రుద్దితే పెచ్చులు లేస్తాయి. మర్నాటిదాకా ఆగితే లేవవు. పైరంగు నీళ్లతో కలిపే అక్రిలిక్ అయి తీరాలి. ఎనామెల్ వేస్తే నీళ్లు లోపలికి దిగవు. ఉప్పు పద్ధతిలో గింజలు ఎక్కడ పడతాయో చేతిలో ఉండదు. పెద్ద ట్యాంకర్ లాంటి చోట పర్వాలేదు, తలుపు అంచు లాంటి చోట కుదరదు.

ఎక్కడ ఎంత తుప్పు అన్నది బండిని బట్టి తేల్చుకోవాలి. 1981 ఇంటర్‌సెప్టర్ తిరిగింది ఆస్ట్రేలియాలో బ్రోకెన్ హిల్ ఎర్రమట్టి మీద. ఎండు నేల కాబట్టి తుప్పు తక్కువ, దుమ్ము ఎక్కువ. దీనికి మన కిరాణా షాపుల్లో, గడపలకి పూయడానికి దొరికే జాజు పొడిని మించిన రంగు లేదు. బట్టలో వేసి వస్త్రకాయం పట్టి, మెత్తని బ్రష్షుతో మూలల్లో అద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్క తాకిస్తే నిలిచిపోతుంది. దాని మీద వార్నిష్ వేస్తే సగం మాయమవుతుంది, కాబట్టి ఇది చిట్టచివరి పనిగా పెట్టుకోండి. వార్ రిగ్‌ని నమీబియా ఎడారిలో చిత్రీకరించారు. తెర మీద కనబడే నారింజ రంగు చాలావరకు కలర్ గ్రేడింగ్‌ది, అంటే షూటింగ్ తర్వాత రంగులు మార్చడం వల్ల వచ్చింది, షూటింగ్ ఫొటోల్లో అదే దుమ్ము లేతగా, పాలిపోయినట్టు ఉంటుంది. రెండింట్లో ఒకదాన్ని ఎంచుకుని చివరిదాకా దానికే కట్టుబడండి. కలిపితే ఏదీ నమ్మేలా ఉండదు. తెర రంగు కావాలంటే సుద్దపొడిలో మూడోవంతు జాజు, అసలు రంగు కావాలంటే పదోవంతు చాలు.

బుజ్జికి ఎర్ర దుమ్ము పూయకండి. దాని అందం లోహం మెరుపులో ఉంది. ముదురు బూడిద రంగు పూత ఆరాక, మెత్తని పెన్సిల్ ముల్లు పొడిని వేలితో అంచుల మీద రుద్దితే, ఎన్నో ఏళ్లుగా చేతులూ బూట్లూ తగిలి అరిగిన ఇనుములా మెరుస్తుంది. పాదం పెట్టి ఎక్కే చోటా, మూత పట్టుకుని లేపే చోటా మాత్రమే ఈ మెరుపు పెట్టండి. ఒళ్లంతా పెడితే కొత్త బండికి వెండి రంగు వేసినట్టు ఉంటుంది.